మెంబర్‌షిప్ మీ పేరు మీద, డబ్బు ఎవరి చేతిలో?

ఇంగ్లాండ్ మిడ్‌లాండ్స్ ప్రాంతం నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. క్లుప్తంగా సంగతి ఇదీ.

ఆమెకు 34 ఏళ్లు. సొంతూరు గుంటూరు వైపు. భర్త ఉద్యోగ వీసా మీద నాలుగేళ్ల క్రితం వచ్చారు. మొదటి ఏడు నెలలు భర్త అన్నయ్య ఇంట్లోనే ఉన్నారు. ఆ బావగారిది ఇళ్లు అద్దెకిచ్చే లెట్టింగ్ ఏజెన్సీ. చేతిలో సుమారు 90 ఇళ్లు, ఇంటికి సగటున నెలకు 1,100 పౌండ్ల అద్దె. ఓనర్లలో సగం మనవాళ్లే. ఇల్లు కొనుక్కుని వేరే ఊరికి మారినవాళ్లు, హైదరాబాద్ తిరిగి వెళ్లిపోయినవాళ్లు. అద్దెకుండేవాళ్లలో చదువుకోవడానికి వచ్చిన పిల్లలు, కొత్తగా దిగిన కుటుంబాలు ఎక్కువ. ఏడాదిన్నరగా ఈమె అక్కడ లెక్కలు చూస్తున్నారు.

కిందటి సెప్టెంబరు దాకా ఒక మేనేజరు ఉండేవారు. లెట్టింగ్ ఏజెంట్ల పరీక్ష పాసైంది ఆయనే, ఏజెంట్ల సంస్థలో ఆఫీసుకున్న మెంబర్‌షిప్ కూడా ఆయన ద్వారానే నడిచేది. ఆయన మానేశాక రెన్యువల్ కాలేదు. తలుపు అద్దం మీద స్టిక్కరు మాత్రం అలాగే ఉంది. వెబ్‌సైట్‌లో లోగో, ఈమె పంపే ప్రతి మెయిల్ అడుగున అదే బొమ్మ. ఎవరైనా అడిగితే "ప్రాసెస్‌లో ఉంది" అని చెప్పమన్నారు. ఇప్పుడు బావగారు ఈమెను ఆ పరీక్షే, లెవెల్ 3 అనేది, రాయమంటున్నారు. డైరెక్టర్‌ను చేస్తానని, మెంబర్‌షిప్ ఈమె పేరు మీద తెచ్చుకుందామని అంటున్నారు. భర్తేమో "అన్నయ్య మనకు చేసింది మర్చిపోయావా?" అంటున్నారు.

ఇంకొకటి. ఫిబ్రవరిలో వ్యాట్ కట్టాల్సి వచ్చి బావగారు క్లయింట్ అకౌంట్ (ఓనర్ల, టెనెంట్ల డబ్బు ఉంచే ఖాతా) నుంచి ఆఫీస్ అకౌంట్‌కు 14,000 పౌండ్లు మార్చారు. రెండు వారాల తర్వాత తిరిగి వేశారు. ఆ నెల కమిషన్ అప్పటికే తీసేసుకున్నారట. "ఆయన దొంగ కాదని నాకు తెలుసు. కానీ ఆ రెండు వారాలు నాకు నిద్ర లేదు. మా పిన్ని వాళ్ల ఇల్లు కూడా ఈ 90లో ఉంది. నా మాట మీదే ఇచ్చారు. నేను సంతకం పెట్టొచ్చా? పెట్టనంటే ఇంట్లో ఏమవుతుంది?" అని అడిగారు.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేనూ ఇంగ్లాండ్‌లో లెట్టింగ్ ఆఫీసుల్లో పన్నెండేళ్లు పనిచేశాను, అందులో ఆరేళ్లు క్లయింట్ అకౌంట్ ముందే కూర్చున్నాను. అందుకే మీరు రాయని టెన్షన్ కూడా నాకు అర్థమైంది. నెల మొదటి వారంలో అద్దెలు పడుతుంటే స్క్రీన్ మీద కనిపించే అంకె అంతా ఆఫీసుదే అనిపిస్తుంది. నిజానికి అందులో ఆఫీసుది పదో వంతు ఉంటే గొప్ప.

మీరు ఎక్కువగా బాధపడుతున్నది లోగో గురించి. నన్ను భయపెట్టింది మాత్రం ఉత్తరం మూడో పేజీలో మీరు మామూలుగా రాసి దాటేసిన ఒక ముక్క: "రిసెప్షన్‌లో ఫ్రేమ్ కట్టిన సర్టిఫికెట్ కూడా పాతదే." ఆ సర్టిఫికెట్ దేనిదో మీరు చెప్పలేదు. ముందు అది తేలాలి. ఎందుకో చెప్తాను.

మన ఆఫీసుల్లో "మెంబర్‌షిప్" అని ఒకే మాట వాడతాం కానీ దాని కింద మూడు వేరు వేరు సంగతులున్నాయి. ఇంగ్లాండ్‌లో ఇళ్లు అద్దెకిచ్చే ఏజెన్సీకి చట్టం తప్పనిసరి చేసినవి రెండే. ఒకటి రిడ్రెస్ స్కీమ్, అంటే ఓనరుకో టెనెంటుకో అన్యాయం జరిగితే విని తీర్పు చెప్పే బయటి సంస్థ. ప్రాపర్టీ ఆంబుడ్స్‌మన్ లేదా ప్రాపర్టీ రిడ్రెస్, ఈ రెండింట్లో ఒకదాంట్లో ఉండాలి. 2014 అక్టోబరు 1 నుంచి ఇది నియమం. రెండోది క్లయింట్ మనీ ప్రొటెక్షన్, అందరూ సీఎంపీ అనేది. ఏజెంటు ఓనర్ల డబ్బు, టెనెంట్ల డబ్బు చేతిలో పెట్టుకుంటే, ఆ డబ్బు ఏజెంటు వాడేసుకున్నా తీసుకుని మాయమైనా పోగొట్టుకున్నవాళ్లకు తిరిగి ఇచ్చే రక్షణ అది. 2019 ఏప్రిల్ 1 నుంచి ఇదీ తప్పనిసరి. లేకుండా డబ్బు ముట్టుకుంటే కౌన్సిల్ 30,000 పౌండ్ల దాకా జరిమానా వేయొచ్చు. ఆ సర్టిఫికెట్‌ను ఆఫీసులో కనపడేలా, వెబ్‌సైట్‌లో కూడా పెట్టాలి.

మూడోది మీ తలుపు మీద ఉన్న రకం. ప్రాపర్టీమార్క్, దీన్ని పాతవాళ్లు ఇప్పటికీ ఆర్లా అంటారు. సేఫ్‌ఏజెంట్, ఆర్‌ఐసీఎస్ ఇంకొన్ని. ఇవి గౌరవం కోసం, నమ్మకం కోసం ఎవరికి వాళ్లు చేరేవి. లేకపోయినా ఇంగ్లాండ్‌లో ఏజెన్సీ నడపడం నేరం కాదు. స్కాట్లాండ్‌లో అయితే ఏజెంట్ల రిజిస్టర్ ఉంది, క్వాలిఫికేషన్ కావాలి. వేల్స్‌లో రెంట్ స్మార్ట్ వేల్స్ లైసెన్సు ఉండాలి. ఇంగ్లాండ్‌లోనూ లైసెన్సు, చదువు తప్పనిసరి చేయాలని లార్డ్ బెస్ట్ కమిటీ 2019 జులైలోనే సిఫార్సు చేసింది. అది ఇంకా చట్టం కాలేదు.

ఇక్కడే ముడి ఉంది. ప్రాపర్టీమార్క్, సేఫ్‌ఏజెంట్ లాంటి వాటిలో చేరితే సీఎంపీ కూడా ఆ మెంబర్‌షిప్‌తోపాటే వస్తుంది. విడిగా కొనక్కర్లేదు. మీ మేనేజరు వెళ్లిపోయి మెంబర్‌షిప్ పోయినప్పుడు, ఆఫీసుకున్న సీఎంపీ కూడా దాంతోపాటే పోయి ఉండొచ్చు. అదే జరిగి ఉంటే మీ బావగారు సెప్టెంబరు నుంచి గౌరవం కోసం పెట్టుకున్న ఒక బొమ్మ కాక, చట్టం తప్పనిసరన్న రక్షణే లేకుండా నెలకు దాదాపు 99,000 పౌండ్ల పరాయి డబ్బును చేతుల మీదుగా నడుపుతున్నారు. బహుశా ఆయనకే ఈ సంగతి తెలియకపోవచ్చు. కావాలని చేశారని నేను అనుకోవడం లేదు. హైదరాబాద్‌లో అద్దె ఇల్లు చూపించే బ్రోకర్‌ను "మీకు ఏ సంస్థలో సభ్యత్వం ఉంది?" అని మనం ఎప్పుడూ అడగలేదు. రెరా వచ్చాక కూడా ఏజెంట్ల రిజిస్ట్రేషన్ అమ్మకాలకు సంబంధించిందే. ఒక నెల అద్దె చేతిలో పెడితే పని అయిపోయే చోటు నుంచి వచ్చినవాళ్లకు ఈ స్టిక్కర్లన్నీ అలంకారంలాగే కనిపిస్తాయి.

కాబట్టి రేపు ఆఫీసుకు వెళ్లగానే ఆ ఫ్రేము దగ్గర నిలబడి రెండు విషయాలు రాసుకోండి: సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ పేరు, గడువు తేదీ. తర్వాత ఆ సంస్థ వెబ్‌సైట్‌లో మీ ఏజెన్సీ పేరు వెతకండి. సభ్యుల జాబితా ఎవరైనా చూసుకునేలా ఉంటుంది. కనిపించకపోతే సభ్యత్వం లేనట్టే అనుకోండి. దీనికి బావగారి అనుమతి అక్కర్లేదు, ఎవరినీ నిందించాల్సిన పనీ లేదు.

ఇక లోగో. లేని మెంబర్‌షిప్ ఉన్నట్టు చూపడం వినియోగదారుల చట్టం పూర్తిగా నిషేధించిన పద్ధతుల్లో ఒకటి. అనుమతి లేకుండా నాణ్యత గుర్తు పెట్టుకోవడం ఏ సందర్భంలోనూ ఒప్పుకోరు. "ప్రాసెస్‌లో ఉంది" అన్న జవాబు దీన్ని ఇంకా పాడు చేస్తుంది, ఎందుకంటే ఆ మాట మీ నోటితో, మీ మెయిల్‌తో వెళ్తోంది. కనీసం మీ మెయిల్ కింది లోగోను ఈ రోజే తీసేయండి. అది మీ చేతిలో పని. ఎందుకు తీశావని అడిగితే "గడువు అయిపోయింది కదా బావగారూ, రెన్యువల్ అయ్యాక పెడదాం" అనండి. అంతకంటే వివరణ అవసరం లేదు.

ఆ 14,000 పౌండ్ల దగ్గరికి వద్దాం. ఏజెన్సీ తన కమిషన్‌ను క్లయింట్ అకౌంట్ నుంచి ఆఫీస్ అకౌంట్‌కు మార్చుకోవచ్చు, అది తప్పు కాదు. 90 ఇళ్లు, పది శాతం కమిషన్ అనుకుంటే నెలకు 9,900 పౌండ్లు. ఆ నెల వాటా ముందే తీసేశారని మీరే రాశారు. పైగా ఆయన రెండు వారాల్లో తిరిగి వేశారు. తన డబ్బే అయితే తిరిగి వేయాల్సిన పని ఉండదు కదా. అంటే ఆ రెండు వారాలు ఓనర్ల అద్దెతో ఆఫీసు వ్యాట్ కట్టారు. తిరిగి ఇచ్చినందువల్ల ఎవరికీ నష్టం రాలేదు, నిజమే. అయినా ఏ సీఎంపీ స్కీమూ దీన్ని ఒప్పుకోదు. ఇది రెండోసారి, మూడోసారి జరిగినప్పుడు, ఆ నెలలోనే ఇద్దరు టెనెంట్లు అద్దె ఎగ్గొడితే, తిరిగి వేయడానికి డబ్బుండదు.

నా మొదటి ఉద్యోగంలో ఇదే చూశాను. యజమాని మంచి మనిషి, పండక్కి మా అందరికీ బోనస్ ఇచ్చేవాడు. మొదట జీతాల కోసం వారం రోజులు వాడుకున్నాడు. ఏడాది తిరిగేసరికి డిపాజిట్లలో 40,000 పౌండ్లు తక్కువ తేలింది. డిపాజిట్ కోసం మా కౌంటర్ దగ్గరికొచ్చి నిలబడ్డ పిల్లల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి. నేను అప్పుడు లెక్కలు రాసే అమ్మాయినే. తెలిసీ నోరు విప్పలేదన్న బాధ నాకు ఇంకా ఉంది. అందుకే మీకు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మీరు చేయగలిగిన అతి ముఖ్యమైన పని ఒకటుంది. దానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. ఒక తేదీ ఎంచుకోండి, నెలాఖరు అయితే మంచిది. ఆ రోజు సాయంత్రానికి ప్రతి ఓనరుకు మనం ఎంత ఇవ్వాలో, ప్రతి టెనెంటుది ఎంత మన దగ్గర ఉందో ఒక్కొక్కరి పేరున రాసి మొత్తం వేయండి. అదే తేదీ బ్యాంక్ స్టేట్‌మెంట్ బ్యాలెన్స్ పక్కన పెట్టండి. మీ క్యాష్ బుక్ అంకె కూడా పెట్టండి. మూడూ ఒకటే కావాలి. బ్యాంకులో తక్కువ ఉంటే ఎవరిదో డబ్బు అక్కడ లేదన్నమాట. ఏ ఓనరు పేరునైనా మైనస్ కనిపిస్తే, ఆ ఇంటి రిపేర్లకు ఇంకో ఓనరు అద్దె వాడారన్నమాట. ఇది చిన్న ఆఫీసుల్లో చాలా మామూలుగా జరుగుతుంది. బాయిలర్ పాడైంది, ప్లంబర్‌కు కట్టేశారు, ఓనరు అద్దె ఇంకా రాలేదు. ఉద్దేశం మంచిదే. డబ్బు మాత్రం మీ పిన్నిది కావచ్చు.

డిపాజిట్లు ఎక్కడున్నాయో కూడా చూడండి. 1,100 పౌండ్ల అద్దెకు చట్టం ఒప్పుకునే గరిష్ఠ డిపాజిట్ ఐదు వారాల అద్దె, అంటే సుమారు 1,269 పౌండ్లు. 90 ఇళ్లకు లక్షా 14 వేల దాకా వస్తుంది. డిపాజిట్లను కాపాడే స్కీముల్లో రెండు పద్ధతులున్నాయి. ఒకదాంట్లో ఏజెంటు డబ్బు తన దగ్గరే ఉంచుకుని బీమా కడతాడు. ఇంకోదాంట్లో, కస్టోడియల్ అనేదాంట్లో, డబ్బు స్కీము దగ్గరే ఉంటుంది, ఫీజు కూడా ఉండదు. బావగారిని ఒక్క విషయానికే ఒప్పించగలిగితే దీనికి ఒప్పించండి. అంత డబ్బు ఆఫీసు అకౌంట్లకు దూరంగా వెళ్లిపోతే, కష్టకాలంలో దాని మీద చేయి వేయాలన్న ఆలోచనే రాదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, సంతకం. పరీక్ష, డైరెక్టర్ పదవి, ఈ రెండింటినీ బావగారు కలిపి అడిగారు. మీరు విడదీయండి.

పరీక్ష తప్పకుండా రాయండి. లెవెల్ 3 అవార్డు మీ సొంతం. ఏజెన్సీ మూతపడినా, మీరు మానేసినా అది మీతోనే వస్తుంది. డిపాజిట్ నియమాలు, టెనెంట్ల దగ్గర ఏ ఫీజులు తీసుకోకూడదో చెప్పే 2019 చట్టం, 2025 అక్టోబరులో ఆమోదం పొందిన రెంటర్స్ రైట్స్ యాక్ట్, ఇవన్నీ మీరు రోజూ చేసే పనికి సంబంధించినవే. వీలైతే ఫీజు మీ జీతంలోంచే కట్టుకోండి. ఆఫీసు కడితే "మేమే చదివించాం" అన్న మాట వస్తుంది. ఇప్పటికే ఏడు నెలల ఆశ్రయం రుణం మీ మీద ఉంది.

డైరెక్టర్ అంటే వేరే సంగతి. అది కంపెనీలను నమోదు చేసే కంపెనీస్ హౌస్‌లో మీ పేరున నమోదవుతుంది, ఎవరైనా చూడొచ్చు. 2025 నవంబరు 18 నుంచి కొత్త డైరెక్టర్లు గుర్తింపు ధ్రువీకరణ కూడా చేసుకోవాలి. 2006 కంపెనీల చట్టం ప్రకారం డైరెక్టర్ తగిన శ్రద్ధతో, జాగ్రత్తతో వ్యవహరించాలి. "పేరు కోసమే పెట్టారు, అన్నీ బావగారే చూసేవారు" అంటే సరిపోదు. మీ విషయంలో ఇంకో చిక్కుంది: ఫిబ్రవరి సంగతి మీకు తెలుసు. తెలిసి కూర్చున్న డైరెక్టర్ పరిస్థితి తెలియని డైరెక్టర్ కంటే కష్టం.

అందుకని కొన్ని దారులు చెప్తాను, వాటి వెంట వచ్చేవి కూడా.

బావగారికి నిజంగా కావాల్సింది చట్టబద్ధంగా ఏజెన్సీ నడవడమైతే, ఆయనకు మీ పేరు అక్కర్లేదు. సీఎంపీ ఒక్కటే ఇచ్చే స్కీములు కూడా ఉన్నాయి, పరీక్ష పాసైన మనిషి కోసం ఆగక్కర్లేదు. అందులో చేరి, రిడ్రెస్ స్కీము సరిగ్గా ఉందో చూసుకుని, స్టిక్కరు గీకేస్తే చాలు. తలుపు కాస్త బోసిపోతుంది, ఒకరిద్దరు ఓనర్లు అడగొచ్చు. నా అనుభవంలో ఓనర్లు అడిగేది అద్దె టైముకు పడిందా అనే. ఆయన మర్యాద నిలబడే దారి ఇదే. అన్నిటికంటే ముందు దీన్నే ఆయన ముందు పెట్టమంటాను.

మీరు డైరెక్టర్ కావడానికి ఒప్పుకుంటే షరతులతో ఒప్పుకోండి. పైన చెప్పిన ఆ మూడు మొత్తాలూ కలిసి ఉండాలి. సీఎంపీ అమల్లో ఉండాలి. క్లయింట్ అకౌంట్ నుంచి ఆఫీస్ అకౌంట్‌కు ఏ మొత్తం కదలాలన్నా ఇద్దరి ఆమోదం పడేలా బ్యాంకులో పెట్టించాలి. ఇవి మాట మీద కాక కాగితం మీద ఉండాలి. అప్పుడు ఇది మీకు మంచి అవకాశమే, జీతంతోపాటు కంపెనీలో వాటా కూడా అడగండి. షరతుల్లో ఒక్కటి జారినా, సంతకం వద్దు.

లెక్క కలపనివ్వకపోతే, లేదా కలిపితే పెద్ద లోటు తేలితే, అక్కడ ఉద్యోగం మానడమే మంచిది. మీకు పని అనుభవం, చేతిలో సర్టిఫికెట్ ఉంటాయి, ఇంకో ఆఫీసు దొరుకుతుంది. ఇంట్లో కొన్నాళ్లు ముభావాలుంటాయి. తోడికోడలు మాట్లాడటం మానేయొచ్చు. తేలిక అని నేను చెప్పను. ఇక సీఎంపీ లేదని తెలిశాక కూడా ఆయన వినకుండా నడుపుతుంటే, కౌన్సిల్‌లో వ్యాపారాల తీరు చూసే ట్రేడింగ్ స్టాండర్డ్స్‌కు చెప్పే హక్కు మీకుంది. సిటిజన్స్ అడ్వైస్ వినియోగదారుల హెల్ప్‌లైన్ ద్వారా కూడా చెప్పొచ్చు. ఆ అడుగు ముందు ప్రొటెక్ట్ అనే సంస్థతో మాట్లాడండి. ఉద్యోగులు ఇలాంటివి బయటపెట్టే ముందు ఉచితంగా న్యాయసలహా ఇస్తారు. వీసా గురించి భయపడ్డారు. డిపెండెంట్‌గా మీరు ఉద్యోగం చేయొచ్చు, నిజం చెప్పినందుకు వీసా పోదు. ఒక క్రిమినల్ కేసులో డైరెక్టర్‌గా మీ పేరు రావడమే రేపు సెటిల్‌మెంట్ (శాశ్వత నివాసం) దరఖాస్తుకు అడ్డు పడగలదు.

మీ ఆయనతో ముందు మాట్లాడండి, బావగారి దగ్గరికి ఒంటరిగా వెళ్లకండి. "మీ అన్నయ్య తప్పు చేశారు" అని మొదలుపెడితే ఆయన వెంటనే అన్నయ్య పక్షాన నిలబడతారు, అది సహజం. అంకెలతో మొదలుపెట్టండి. నెలకు 99,000 మన చేతుల మీదుగా వెళ్తోంది, రక్షణ ఉందో లేదో తెలియదు, పట్టుబడితే జరిమానా 30,000 దాకా, అది పడేది అన్నయ్య ఏజెన్సీ మీదే. ఇలా చెబితే మీరు అన్నయ్యను కాపాడటానికి మాట్లాడుతున్నారని ఆయనకు అర్థమవుతుంది. నిజంగానే మీరు చేస్తున్నది అదే కదా. తర్వాత ఇద్దరూ వెళ్లి బావగారికి చెప్పండి: "పరీక్ష రాస్తాను బావగారూ. డైరెక్టర్ సంగతికి ముందు సీఎంపీ తీసుకుందాం, లెక్క కలుపుదాం. మెంబర్‌షిప్‌కు అప్లై చేస్తే క్లయింట్ అకౌంట్ వివరాలు ఎలాగూ అడుగుతారు."

పిన్ని విషయం మీరు చివర్లో రాశారు కానీ, ఉత్తరమంతా ఆవిడ కోసమే రాసినట్టుంది. లెక్క తేలకముందు ఆవిడకు ఫోను చేసి కంగారు పెట్టకండి. ముందు ఆవిడ ఖాతా ఒక్కటి విడిగా తీసి చూడండి: కిందటి 12 నెలల అద్దె, ఖర్చులు, పంపినవి. సీఎంపీ లేదని తేలి, నెల రోజుల్లో కూడా బావగారు తీసుకోకపోతే మాత్రం ఆవిడకు చెప్పండి. టెనెంటు అద్దె నేరుగా ఆవిడ బ్యాంకు ఖాతాలోనే పడేలా మార్చుకోవచ్చు, కమిషన్‌కు ఏజెన్సీ విడిగా బిల్లు ఇస్తుంది. ఆ మార్పు కోసం రాయాల్సిన ఉత్తరం రెండు లైన్లే, మీరే రాసిపెట్టగలరు.